మా డీటీపీ షాపులో లినక్స్ మింట్: వేళ్లు ఒప్పుకున్నాయి, ప్రింటర్ ఒప్పుకోలేదు

నరసరావుపేట కోర్టు దగ్గర నాది చిన్న డీటీపీ షాపు. రెండు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక జిరాక్స్ మెషిన్. ఎడమ పక్క కంప్యూటర్‌లో పెళ్లికార్డులు, కరపత్రాలు. కుడి పక్క దాంట్లో పిటిషన్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, వాట్సాప్‌లో వచ్చే ఫైళ్ల ప్రింట్లు. రెండూ 2016లో కొన్నవే, ఐ5 ఆరో తరం, 8 జీబీ ర్యామ్. మధ్యలో ఎస్‌ఎస్‌డీలు వేయించాను, గుర్రాల్లా పరిగెడుతున్నాయి. బాగా నడిచేదాన్ని కెలికే అలవాటు నాకు లేదు.

కెలకాల్సి వచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ ఇంచుమించు ఎనిమిదో తరం నుంచే పనికొస్తుంది. నా ఆరో తరాన్ని గుమ్మంలోనే ఆపేశారు. 30 డాలర్లు కడితేనో, మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి సెట్టింగులు బ్యాకప్ చేస్తేనో 2026 అక్టోబర్ 13 దాకా అప్‌డేట్లు పొడిగించుకోవచ్చు. అది వాయిదానే కదా, వాయిదాల సంగతి కోర్టు ఎదుట కూర్చున్నవాడికి ఒకరు చెప్పాలా? ఊళ్లోవాళ్ల ఆధార్ కాపీలు, పాస్‌బుక్కు మొదటి పేజీలు అన్నీ నా మెషిన్ మీదుగానే పోతాయి. అప్‌డేట్లు లేని సిస్టమ్‌ను నెట్‌కి తగిలించి కూర్చోవాలంటే టెన్షన్. రెండు కొత్తవి కొనాలంటే అంతకన్నా పెద్ద టెన్షన్.

అందుకని విండోస్ బదులు వాడుకునే లినక్స్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు చూద్దామని, ఒక 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ అనే సాఫ్ట్‌వేర్ వేశాను. ఇది మంచి ఉపాయం, తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. నాలుగైదు ఆపరేటింగ్ సిస్టమ్‌ల ఐఎస్ఓ ఫైళ్లు (ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) మామూలుగా కాపీ చేసి పడేస్తే చాలు. బూట్ చేసేటప్పుడు ఏది కావాలో అడుగుతుంది. లోపల విండోస్‌ను ముట్టుకోకుండా, పెన్‌డ్రైవ్ మీద నుంచే ఒక్కోదాన్నీ నడిపి చూడొచ్చు. షాపు మూశాక వారం రోజులు ఇదే పని.

నేను పెట్టిన పరీక్ష ఒకటే. స్పీడూ కాదు, అందమూ కాదు. యాపిల్ కీబోర్డులో తెలుగు కొట్టగలనా లేదా? ఫోన్ల కంపెనీ అనుకునేరు, మా డీటీపీ వాళ్ల భాషలో అది తెలుగు అక్షరాల అమరిక పేరు. పాతికేళ్లుగా నా వేళ్లకి తెలిసింది అదొక్కటే. ఇంగ్లీషు స్పెల్లింగుతో తెలుగు కొట్టే పద్ధతి పిల్లలకి బాగుంటుంది. నేను అలా కొడితే గంటకో పిటిషన్ కూడా అవదు.

గూగుల్ వాళ్ల క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ ముందే పక్కకి పోయింది. బ్రౌజరే లోకంగా బతికేవాళ్లకి అది సరిపోతుంది, పైగా అందులో ప్లే స్టోర్ కూడా లేదు. ఉబుంటు 24.04 గట్టి సరుకే. మిగతావాటిలో చాలావాటికి పునాది అదే. కానీ ఎడమ పక్కన నిలువు పట్టీ, కిటికీల తీరు, అన్నీ కొత్తగా నేర్చుకోవాలి. మా షాపులో సాయంత్రాలు కూర్చునే మేనల్లుడికి కింద స్టార్ట్ బటన్ లేకపోతే కాళ్లూ చేతులూ ఆడవు. జోరిన్ ఓఎస్ 18 సరిగ్గా విండోస్ 10కి ఆఖరి రోజైన అక్టోబర్ 14నే వచ్చింది, ఐర్లండ్ వాళ్లు మంచి ముహూర్తం చూసుకున్నారు. విండోస్ నుంచి వచ్చేవాళ్ల కోసమే దాని ముస్తాబంతా. చూడ్డానికి అన్నిటికన్నా అదే బాగుంది, నిజం చెప్పాలి. కాకపోతే స్క్రీన్‌కి ఎక్కువ లేఅవుట్లు కావాలంటే డబ్బు పెట్టి ప్రో తీసుకోవాలి. నాకు ఆ సోకులు అక్కర్లేదు. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల బాస్ లినక్స్ పేరు విన్నాను, వేసి చూడలేదు.

లినక్స్ మింట్ 22.2లో సినమన్ అనే రకం దగ్గర ఆగాను. ఈ 22 వరుసకి 2029 దాకా అప్‌డేట్లు ఇస్తామన్నారు. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, గడియారం కుడి మూల. మేనల్లుడు కూర్చోగానే "మామయ్యా, విండోస్ 7 వేశావా?" అన్నాడు. అదే కావాల్సింది. ఊరికే తెరిచి ఉంచితే ర్యామ్ గిగా పైన కొంచెం తింటోంది, అంతే. ఇంకా పాత లాప్‌టాప్‌లున్నవాళ్లకి ఇందులోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం ఉంది.

కుడి పక్క కంప్యూటర్‌కి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొత్తది కొని దాని మీద వేశాను. పాత డిస్కు కవర్లో పెట్టి, పైన తేదీ రాసి సొరుగులో పడేశాను. పక్కపక్కన రెండు సిస్టమ్‌లు పెట్టుకుని పార్టిషన్లతో కుస్తీ పట్టేకన్నా ఇదే నయం. ఇన్‌స్టాల్ అవడానికి టీ తాగి వచ్చేంత టైము పట్టింది.

ఇక అసలు పరీక్ష. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో మన భాషల కీబోర్డుల కోసం ఐబస్-ఎం17ఎన్ అని ఒకటుంది. అది ఎక్కించి, ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగ్‌లో ఐబస్‌ని ఎంచుకుని, ఒకసారి లాగౌట్ అయి వస్తే తెలుగు కింద కీబోర్డులు వరసగా కనిపించాయి: ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్. యాపిల్! ఎవరో మాలాంటి వాళ్ల కోసం కూర్చుని రాశారన్నమాట. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే లేఖిని అలవాటున్నవాళ్లకి ఆర్‌టీఎస్ ఉంది. నేను యాపిల్ పెట్టుకుని, కీబోర్డు వైపు చూడకుండా కొట్టాను: జ్యేష్ఠ పుత్రుడు, చి.ల.సౌ. లక్ష్మి, ప్రమాణపూర్వకముగా. ఒకటి రెండు చోట్ల వేళ్లు తడబడ్డాయి గానీ ష కింద ఠ వత్తు చక్కగా కూర్చుంది. రెండో రోజుకి తడబాటూ లేదు.

తిప్పలు పెట్టింది చిన్న విషయం. సేల్‌డీడ్ అని కొడితే ల కింద డ వత్తు పడి 'సేల్డీడ్' అయింది. నా పిటిషన్లలో ఆ మాట పేజీకి నాలుగుసార్లు వస్తుంది. పొల్లుకీ తర్వాతి అక్షరానికీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు పెడితేగానీ అవి విడిపోవు. కంట్రోల్, షిఫ్ట్, యు మూడూ కలిపి నొక్కి, 200సి కొట్టి, ఎంటర్ నొక్కితే ఆ గుర్తు పడుతుంది. ప్రతిసారీ ఇదేం తపస్సు? మింట్‌లో వర్డ్ బదులు వాడే లిబ్రెఆఫీస్ ఆటోకరెక్ట్‌లో 'సేల్డీడ్' అని పడితే 'సేల్‌డీడ్' అని మార్చేయమని రాసి పెట్టాను. అలాంటి మాటలు ఇప్పటికి ముప్పై దాకా చేర్చాను.

ఫాంట్ల దగ్గర మాత్రం పండగ. 'తెలుగు విజయం' అని ఒక ఫాంట్ల పొట్లం సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే ఉంది. రామభద్ర, సూరన్న, తిమ్మన, గురజాడ, గిడుగు, ధూర్జటి... ఒక్క నొక్కుతో అన్నీ దిగాయి, అన్నీ యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి), అన్నీ ఉచితం. రామభద్రలో 'శ్రీరస్తు శుభమస్తు' పెద్దక్షరాల్లో వేసి చూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

లిబ్రెఆఫీస్‌కి అలవాటు పడ్డానికి వారం పట్టింది. అందులో ఇంగ్లీషు ఫాంటు వేరు, తెలుగు ఫాంటు వేరు. సెట్టింగుల్లో కాంప్లెక్స్ లేఅవుట్ ఆన్ చేసి, పేరా స్టైల్‌లో రెండిటికీ సైజులు విడివిడిగా ఇవ్వాలి. అది తెలియక మొదటి పిటిషన్‌లో సర్వే నంబర్లు ఒక సైజు, తెలుగు ఇంకో సైజు వచ్చాయి. ఆ తర్వాత వర్డ్‌లో చేసిన పాత అఫిడవిట్ తెరిచి, చూసుకోకుండా ప్రింటిచ్చాను. రెండు పేజీల కాగితం మూడు పేజీలైంది. వకీలుగారి గుమస్తా కళ్లజోడు ముక్కు మీదకి జార్చి, "ఏమయ్యా, సంతకం ఒక్కటీ మూడో పేజీలో ఒంటరిగా నిలబడిందేంటి?" అన్నారు.

"ఫాంటు మారిందండీ, గుమస్తాగారూ."

"ఫాంటు సంగతి జడ్జిగారికి చెబుదువు గానీ, ముందు రెండు పేజీల్లోకి లాగు."

కారణం ఏమంటే, విండోస్‌లో ఉండే గౌతమి, నిర్మల ఫాంట్లు మింట్‌లో ఉండవు. వేరే తెలుగు ఫాంటు ఆ చోట్లో వచ్చి కూర్చుంటుంది, దాని వత్తులకి చోటు ఎక్కువ కావాలి, లైన్లు కిందికి జరుగుతాయి. ఇంగ్లీషు టైమ్స్ న్యూ రోమన్‌తో ఈ గొడవ లేదు, దాని కొలతలకి సరిపోయే లిబరేషన్ సెరిఫ్ ఉంది. ఇప్పుడు బయటికి పంపేవన్నీ పీడీఎఫ్‌లే చేస్తున్నాను.

ఇక ప్రింటర్. ఇంకు ట్యాంకుది తీగ పెట్టగానే మింట్ గుర్తుపట్టింది, డ్రైవర్ అడగనే లేదు. పదేళ్ల నాటి లేజర్‌ది మాత్రం మొండికేసింది. ఏ కంపెనీదో అనవసరం. రెండు రాత్రులు ఎక్కడెక్కడివో డ్రైవర్లు తెచ్చి ఎక్కించి, ఆఖరికి బాగా పనిచేసే ఇంకు ప్రింటర్‌ని కూడా నా చేతులతో నేనే చెడగొట్టాను. అప్పుడు ఆదుకుంది టైమ్‌షిఫ్ట్. మింట్‌లో అది ముందే ఉంటుంది. సిస్టమ్ బాగున్న రోజు ఒక నకలు తీసి పెట్టుకుంటే, పాడైన రోజు ఆ స్థితికి వెనక్కి తీసుకుపోతుంది. నేను మొదటి రోజే తీసి పెట్టుకున్నాను, పది నిమిషాల్లో మళ్లీ పేజీలు వచ్చాయి. మింట్ వేసుకునేవాళ్లు వాల్‌పేపర్ మార్చేలోపు ఈ పని చేసుకోండి. వేలిముద్ర మెషిన్‌ది కూడా అదే కథ, నా దగ్గరున్న రకానికి సాఫ్ట్‌వేర్ విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ మాత్రమే ఉంది. దాన్ని ఫోన్‌కి తగిలించాను.

మెనూలన్నీ తెలుగులో పెట్టి చూశాను. నాలుగు మాటలు తెలుగు, ఐదోది ఇంగ్లీషు. మళ్లీ ఇంగ్లీషుకే వచ్చేశాను.

మరి ఎడమ పక్క కంప్యూటర్? దాన్ని కదిలించలేదు, కదిలించలేను. పెళ్లికార్డులన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షనే రాలేదు. అయినా మా లైన్లో ఇంకా అదే రాజు. మింట్‌లో లిబ్రెఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుస్తుంది కూడా. కానీ అను యూనికోడ్ కాదు కదా, లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. తెరిస్తే వధువు పేరుండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలకి మీసాలూ బొట్లూ పెట్టినట్టు ఏదో కనిపిస్తుంది. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చి ఏం లాభం? నేను ఫైలు పంపే ఆఫ్‌సెట్ ప్రెస్ వాళ్లకి అనులోనే కావాలి. అందుకని ఆ కంప్యూటర్‌కి విండోస్ 10 ఉంచి, నెట్ వైరు పీకేశాను. లేజర్ ప్రింటర్ కూడా దానికే కట్టేశాను.

పిటిషన్లు మింట్‌లో కొట్టడం, పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడం, నాలుగడుగులు నడిచి లేజర్‌లో ప్రింటివ్వడం. మూడు నెలలుగా ఇలాగే జరుగుతోంది. మొన్న గుమస్తాగారు అటూ ఇటూ తిరుగుతున్న నన్ను చూసి, "నడక డాక్టర్ రాశారా ఏంటి?" అన్నారు. ఆయన అఫిడవిట్ మాత్రం రెండు పేజీల్లోనే ఉంది.