మా చిట్టి పెట్టెకు థర్మోస్టాట్: ఐదేళ్ళు వాడాక

ఐదేళ్ళలో మా బాల్ పైథాన్ (కొండచిలువ జాతి పాము) చిట్టి కోసం పెట్టె మార్చాను, హీటరు మార్చాను, నీళ్ళ గిన్నెలు మూడు మార్చాను. మార్చనిది, పెట్టెలో వేడి ఎంతుందో చూసి హీటరుని అదుపు చేసే థర్మోస్టాట్ ఒక్కటే. కొత్తగా పామును పెంచుకోవాలని నన్ను అడిగిన ప్రతివాళ్ళకీ "మిగతావి చవగ్గా కొన్నా పర్లేదు, దీని దగ్గర మాత్రం డబ్బు చూసుకోకండి" అని చెబుతూ వచ్చాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ పోయిన ఏప్రిల్‌లో జరిగింది దాచిపెట్టి ఆ మాట ఒక్కటే చెబితే అడిగినవాళ్ళకి అన్యాయం చేసినట్టవుతుంది.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. చిట్టి 2020 అక్టోబరులో 70 గ్రాముల పిల్లగా మా ఇంటికొచ్చాడు. ఇప్పుడు 1,400 గ్రాములు, నాలుగడుగులకి కాస్త తక్కువ. ఈ జాతి పుట్టిల్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. అక్కడ పగలంతా ఎలుక బొరియల్లోనో, చెదపుట్టల్లోనో దాక్కుని రాత్రి బయటికొస్తాయి. పాముకి సొంతంగా ఒంట్లో వేడి పుట్టదు కాబట్టి పెట్టెలో ఒక పక్క 90 డిగ్రీల దాకా, రెండో పక్క 78 దగ్గర ఉంచాలి. ఇవి ఫారెన్‌హీట్ లెక్కలు, మన లెక్కలో 32, 26 అనుకోండి. వేడి కావాలంటే అటు, చల్లదనం కావాలంటే ఇటు, అదే చూసుకుని జరుగుతుంది. జరగడానికి చల్లటి పక్క అంటూ ఒకటి మిగలాలి, అంతే.

మొదట్లో నేను కొన్నది "బిగినర్ కిట్". అద్దాల తొట్టి, పైన జాలీ మూత, కింద అంటించే హీట్ మ్యాట్, అన్నీ ఒకే అట్టపెట్టెలో వచ్చాయి. థర్మోస్టాట్ రాలేదు. అది కూడా కొనాలని ఎక్కడా రాసి లేదు. మూడో రోజు ఎందుకో అనుమానమొచ్చి టెంపరేచర్ గన్ పెట్టి చూస్తే మ్యాట్ మీది అద్దం 118 చూపించింది. చిట్టి దానిమీదే చుట్ట చుట్టుకుని పడుకుని ఉన్నాడు. పొట్ట కింద వేడి ఒళ్ళు కాలేంతగా పెరుగుతున్నా ఈ పాములు చాలాసార్లు పక్కకి తప్పుకోవు. బొబ్బలొచ్చాక గానీ మనకి తెలియదు. మాకు అంతదాకా రాలేదు. ఆ రాత్రే మ్యాట్ పీకేసి, వారంలో ఈ థర్మోస్టాట్ తెప్పించాను.

ఆ తర్వాత దానిమీద నాకు పుట్టిన ప్రేమ అంతా ఇంతా కాదు. చవక రకాలు బోరు మోటారు లాంటివి: వేస్తాయి, ఆపుతాయి, మళ్ళీ వేస్తాయి. ఇది గ్యాస్ స్టవ్‌ని సిమ్‌లో పెట్టి మంట సర్దినట్టు హీటరుకి ఎంత కరెంటు కావాలో అంతే పంపిస్తుంది. 90 పెడితే 89కీ 91కీ మధ్యే ఉండేది. 2022లో పెద్ద పీవీసీ పెట్టె కొని (4 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు), మ్యాట్ బదులు పైకప్పుకి రేడియంట్ హీట్ ప్యానెల్ (పైనుంచి కిందికి వేడినిచ్చే పలక) బిగించినప్పుడు కూడా దీన్నే కలిపాను. పనితనంలో ఏ తేడా రాలేదు.

ఇక ఏప్రిల్ సంగతి. అప్పుడు అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరుంది. ఏటా నాగులచవితికి పుట్ట దగ్గరికి వెళ్ళే మనిషే అయినా, మొదటి వారం చిట్టి గదిలో అడుగు పెట్టలేదు. రెండో వారానికి గుమ్మంలో నిలబడి చూసేది. నెల తిరిగేసరికి పొద్దున్నే నీళ్ళ గిన్నె కడిగి మంచినీళ్ళు పోసేది తనే.

ఒక మంగళవారం నేను ఆఫీసులో ఉండగా మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోన్ చేసింది.

"ఏరా, చిట్టి పట్టపగలు తిరుగుతున్నాడు. మూతి అద్దానికేసి రుద్దుతున్నాడు. ఎప్పుడూ ఇలా చెయ్యలేదే?"

"థర్మోస్టాట్ మీద అంకె ఎంతుందో చూడమ్మా."

"ఎనభై ఒకటి."

పెట్టింది 90, చూపిస్తున్నది 81. చలేస్తోందేమో, ప్యానెల్ పోయిందేమో అనుకున్నాను. సాయంత్రం వచ్చి చూస్తానన్నాను. నాలుగేళ్ళుగా ఆ అంకె తప్పు చెప్పలేదు, అందుకే వేరే ఆలోచన రాలేదు.

"చల్లగా ఎక్కడుందిరా? అద్దం ముట్టుకుంటే వేడి కాఫీ గ్లాసు పట్టుకున్నట్టుంది."

గుండె జారిపోయింది. ప్లగ్ పీకెయ్యమన్నాను. అద్దం తలుపు బెత్తెడు జరిపి, ముందు కుర్చీ వేసుకుని, చిట్టి బయటికి రాకుండా చూస్తూ కూర్చోమన్నాను. నేను ఇల్లు చేరేదాకా, నలభై నిమిషాలు, అమ్మ ఆ కుర్చీలోంచి లేవలేదు.

వచ్చి చూస్తే, థర్మోస్టాట్‌కి వేడి ఎంతుందో చెప్పే సెన్సర్ తీగ చివర నీళ్ళ గిన్నెలో మునిగి ఉంది. దాన్ని గోడకి పట్టి ఉంచే రబ్బరు కప్పు, పెట్టెలోని తేమకి పట్టు వదిలేసింది. రాత్రి చిట్టి తిరుగుతూ తీగని చల్లటి పక్కకి లాక్కెళ్ళినట్టున్నాడు. అమ్మ పొద్దున పోసిన మంచినీళ్ళలో ఆ సెన్సర్ హాయిగా పడి ఉంది. థర్మోస్టాట్ చూసేది పెట్టెని కాదు, ఆ గిన్నెడు నీళ్ళని. నీళ్ళు 81 కాబట్టి ఇంకా వేడి చాలదని గంటల తరబడి ప్యానెల్‌కి ఫుల్ పవర్ ఇస్తూనే ఉంది. ప్లగ్ తీసిన నలభై నిమిషాల తర్వాత కూడా ప్యానెల్ కింద నేల 104 ఉంది. చల్లటి పక్క 88. అంటే చిట్టికి వెళ్ళడానికి చోటు లేకుండా పోయింది.

వేడి మితిమీరితే మోగే హై అలారం ఉంది కదా, ఎందుకు మోగలేదు అని మీరడగొచ్చు. నన్ను నేనూ అదే అడిగాను. ఆ అలారం కూడా ఆ ఒక్క సెన్సర్ మాటే వింటుంది. సెన్సర్ చల్లగా ఉందంటుంటే అదెలా మోగుతుంది? లో అలారం మోగి ఉండేదే, కానీ తలుపు తీసినప్పుడల్లా గోల చేస్తోందని దాన్ని మొదటి ఏడాదే ఆపేశాను. ఆ తప్పు నాది. కానీ గంటల తరబడి ఫుల్ పవర్ ఇస్తున్నా అంకె కదలకపోతే ఏదో తేడా ఉందని గుర్తుపట్టే తెలివి అంత ఖరీదైన వస్తువుకి ఉండాలి కదా. తయారీదారుకి ఫోటోలతో సహా రాశాను. సెన్సర్ ఎక్కడ పెట్టాలో చూసుకోవడం కొన్నవాళ్ళ బాధ్యత అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. అలాంటప్పుడు తేమలో ఊడిపోయే రబ్బరు కప్పు డబ్బాలో పెట్టి ఎందుకిచ్చారు? ఆ కోపం నాకింకా తగ్గలేదు.

చిట్టి బతికాడు. పాముల్ని చూసే డాక్టరు ఊపిరి, నోరు, పొట్ట పొలుసులు అన్నీ పరీక్షించి కాలిన గుర్తులేమీ లేవన్నారు. వెల్లకిలా తిప్పితే వెంటనే సర్దుకున్నాడు. వేడికి నరాలు దెబ్బతినలేదనడానికి అదొక గుర్తట. మూతి మీద మాత్రం చిన్న పొలుసు గీరుకుపోయి ఎర్రగా కనిపించింది. తర్వాత ఏడు వారాలు ఏమీ తినలేదు, 55 గ్రాములు తగ్గాడు. ఈ జాతి అప్పుడప్పుడూ నెలల తరబడి తిండి మానేస్తుందని తెలుసు. అయినా వారం వారం ఫ్రీజర్‌లోంచి ఎలుకని తీసి వేడినీళ్ళలో పెట్టి ఐసు వదిలించి తీసుకెళ్ళడం, వాడు తల తిప్పేసుకోవడం, దాన్ని పారేయడం. ఆ ఏడు వారాలూ కష్టంగా గడిచాయి. తర్వాత కుబుసం విడిచాడు, ముక్కలవకుండా ఒకే తొడుగులా వచ్చింది. మూతి దగ్గర కొత్త పొలుసు నున్నగా ఉంది. మర్నాడే తిన్నాడు.

ఇప్పుడు ఏర్పాటు మార్చాను. సెన్సర్ తీగని వెనక గోడకి స్క్రూ క్లిప్పులతో నాలుగు చోట్ల బిగించాను. రబ్బరు కప్పులు పారేశాను. గోడ ప్లగ్గుకీ ఈ థర్మోస్టాట్‌కీ మధ్య ఇంకో చవక ఆన్-ఆఫ్ థర్మోస్టాట్ పెట్టాను. దాని సెన్సర్ వేరు, బిగించిన చోటు వేరు. వేడి పక్క 95 దాటితే మొత్తం కరెంటు కట్ చెయ్యడమే దాని పని. వీటితో సంబంధం లేని థర్మామీటరు ఒకటి చల్లటి పక్క ఉంది. రోజూ పొద్దున ఆ అంకె చూసి, అద్దం మీద చెయ్యి పెట్టి గానీ కాఫీ తాగను. ఖరీదైన దాన్ని చవకది కాపలా కాయడమేమిటని మా ఆవిడ అడిగింది. నాకూ బాధగానే ఉంది, కానీ ఇదే పద్ధతి.

మిగతావాటి గురించి రెండే మాటలు. పీవీసీ పెట్టెకొచ్చాక తేమ 60-70 శాతం దగ్గర నిలబడుతోంది. జాలీ మూత తొట్టిలో ఎంత నీళ్ళు చల్లినా నిలిచేది కాదు. కాకపోతే అదే పీవీసీ ఆ రోజు వేడిని కూడా బయటికి పోనివ్వలేదు. కింద పరిచే కొబ్బరి పొట్టు బాగుంది. దాక్కునే డబ్బాలు ఇరుగ్గా, ఒళ్ళు అన్ని పక్కలా తగిలేలా ఉండాలి, వేడి పక్క ఒకటి, చల్లటి పక్క ఒకటి.

పాముని కొనమంటారా అని అడిగితే, ముందు నా పరిస్థితి చెబుతాను: నేను వారంలో మూడు రోజులు ఇంటినుంచే పని చేస్తాను, సొంతిల్లు, గదిలో ఏసీ ఎప్పుడూ 74 దగ్గరుంటుంది. అద్దె అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల పాముల్ని ఒప్పుకోరు, ముందు అది చూసుకోండి. ఇండియా నుంచి అడిగేవాళ్ళకి వేరే మాట: మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవి, ఇంట్లో పెంచుకోవడం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకీ ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎక్కడున్నా సరే, ఇవి ఇరవై ముప్పై ఏళ్ళు బతుకుతాయి. సెయింట్ లూయిస్ జూలో ఒక ఆడ బాల్ పైథాన్ 2020లో అరవై దాటిన వయసులో గుడ్లు పెట్టింది. ఏ థర్మోస్టాట్ అన్నేళ్ళు రాదు.

నాది ఈ చలికాలం లోపు మార్చేస్తాను. బహుశా అదే మోడల్ కొంటాను, వేడిని అంత నిలకడగా ఉంచేది నాకు ఇంకోటి దొరకలేదు. కాపలా థర్మోస్టాట్ మాత్రం తియ్యను. తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా మా పిల్లల తర్వాత అడిగేది చిట్టి గురించే. వాడు తిన్నాడా అని ఒకటి, అద్దం ముట్టుకుని చూశావా అని ఒకటి.