బోయా ఉండాలా, స్క్రీన్ మీద గుర్తు చాలా?

ఈ మధ్య ఎవరు కలిసినా ఇదే ప్రశ్న. "ఫోన్‌లోనే మ్యాప్ ఉంది, ఓడలో ఏఐఎస్ ఉంది. ఇంకా సముద్రంలో ఆ ఇనప డబ్బాలు, కొండ మీద ఆ లైట్ హౌస్ ఎందుకండీ?" అని. ఆ ఇనప డబ్బాలే బోయాలు, గొలుసుతో కట్టి నీళ్ళ మీద తేలే దారి గుర్తులు. ఏఐఎస్ అంటే ఓడలు తామెవరో, ఎక్కడున్నాయో రేడియోలో ఒకదానికొకటి చెప్పుకునే ఏర్పాటు. ఓడల రాడార్లు, రేడియోలు బాగుచేసే పని నాది. కాబట్టి స్క్రీన్ తరఫునే మాట్లాడతానని వాళ్ళ నమ్మకం. సగం దూరం వరకు మాట్లాడతాను కూడా.

వర్చువల్ గుర్తు అంటే నీళ్ళలో ఏమీ ఉండదు. ఒడ్డున ఉన్న స్టేషన్ "ఫలానా చోట బోయా ఉంది" అని వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఏఐఎస్ ద్వారా చెబుతూ ఉంటుంది, ఓడ నడిపే గదిలో తెర మీది చార్టులో డైమండ్ ఆకారంలో గుర్తు పడుతుంది. దాని నంబరు చూస్తే అసలుదో ఉత్తుత్తిదో తెలిసిపోతుంది. ముందు 99, తర్వాత మన దేశం కోడ్ 419, ఆ పైన 1 ఉంటే నిజం బోయా, 6 ఉంటే వర్చువల్.

ఇది బాగా పనికొచ్చే చోటు ఒకటుంది. 2002 డిసెంబర్ 14న ఇంగ్లిష్ చానెల్‌లో ట్రైకలర్ అనే ఓడ, దాదాపు 2,900 కొత్త కార్లతో సహా, ఇంకో ఓడ గుద్ది మునిగింది. రెండు రోజులకే నికోలా అనే ఓడ వచ్చి ఆ శిథిలాన్ని గుద్దింది. రేడియోలో హెచ్చరికలు వెళ్తూనే ఉన్నాయి, అయినా కొత్త సంవత్సరం రోజున విక్కీ అనే ట్యాంకరు కూడా వచ్చి దాని మీదే ఎక్కింది. మునిగిన ఓడ దగ్గర పెట్టే నీలం-పసుపు చారల బోయా ఆ దెబ్బతో పుట్టిందే. కానీ ఆ బోయాని తీసుకెళ్ళి దింపడానికి పడవ కావాలి, క్రేన్ కావాలి, సముద్రం కాస్త నెమ్మదించాలి. వర్చువల్ గుర్తుకి ఇవేవీ అక్కర్లేదు, నిమిషాల్లో పడుతుంది. ఆ మొదటి గంటల్లో దాన్ని మించింది లేదు.

అయితే ఆ గుర్తు ఎవరికి కనబడుతుంది? నా లెక్కలో తేల్చాల్సింది ఇదొక్కటే. అంతర్జాతీయ రూల్ ప్రకారం ఏఐఎస్ తప్పనిసరి అయ్యేది బయటి దేశాలకు తిరిగే 300 టన్నేజీ పైబడిన ఓడలకు, దేశంలోనే తిరిగే సరుకు ఓడలైతే 500 పైన, వీటితో పాటు ప్రయాణికుల ఓడలన్నిటికీ. విశాఖ ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద నిలబడి ఒకసారి చూడండి. ఫైబర్ బోట్లు, తెప్పలు, మరపడవలు. పెద్ద ఓడ తిరిగే నీళ్ళలోనే ఇవీ తిరుగుతాయి. ఓడ కెప్టెన్‌కి స్క్రీన్ మీద గుర్తు కనబడి ఆయన పక్కకి తిప్పుతాడు. ఆయన ఎందుకు తిప్పాడో ఫైబర్ బోటువాడికి తెలియదు, ఎందుకంటే వాడి కళ్ళ ముందు ఉన్నది ఉత్త నీళ్ళే.

నాకు తెలిసిన సరంగు బాబాయ్ ఒకాయనతో తెల్లవారుజామున రెండు మూడు సార్లు వెళ్ళాను. ఆయన దగ్గర ఫోన్ ఉంది, ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో పెడతాడు. బయటికి తీయగా నేను చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు యారాడ కొండ ఆకారం, డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్ హౌస్ మెరుపు, దగ్గరికొచ్చాక ఎడమ చేతికి ఎర్రదీపం, కుడి చేతికి పచ్చదీపం. అంతే ఆయన నావిగేషన్. ఫోన్ వాడొచ్చు కదా బాబాయ్ అంటే, "ఫోన్ తడిస్తే ఏటి సూస్తాం బాబూ? కొండ తడవదు గదా" అన్నాడు.

ఇక నా వృత్తికి సంబంధించిన భయం. వర్చువల్ బోయా చోటూ జీపీఎస్ లెక్కే, ఓడ తానెక్కడున్నానో చూసుకునేదీ జీపీఎస్‌లోనే. 2017 జూన్‌లో నల్లసముద్రంలో ఇరవైకి పైగా ఓడలకు, తాము నీళ్ళలో కాదు, ఒడ్డున విమానాశ్రయంలో ఉన్నట్టు తెర మీద కనబడింది. అలాంటప్పుడు నీళ్ళలో ఒక ఎర్ర బోయా ఉంటే, కిటికీలోంచి చూసి "ఇదేంటి, తేడాగా ఉందే" అనుకోవచ్చు. గుర్తులు కూడా స్క్రీన్ మీదే ఉంటే తప్పుని పట్టించేది ఏముంటుంది?

బోయాలో లోపం లేదనను. అన్నిటికంటే పెద్ద బెంగ దాని గొలుసుతోనే. అడుగున కాంక్రీటు దిమ్మ, పైన బోయా, మధ్యలో గొలుసు. నేలను తాకీ తాకకుండా అల్లాడే భాగం ఇసకలో రాపిడికి ముందు అరుగుతుంది. పైనుంచి చూస్తే బోయా నిక్షేపంలా ఉంటుంది, కింద లింకు సగం సన్నబడి ఉంటుంది. 2020 అక్టోబరులో గాలులకు లంగరు నిలవక తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ ఓడని ఊరంతా చూసొచ్చింది కదా. అంత ఓడకే అలా అయితే బోయా ఎంత? హుద్‌హుద్ లాంటి తుపాను వెళ్ళాక దీపం వెలుగుతోందా అని కాదు, బోయా తన చోటే ఉందా అని ముందు చూడాలి. జరిగిపోయిన బోయా అసలు లేనిదాని కంటే ప్రమాదం.

అందుకే నా ఓటు మధ్యదానికి: నిజం బోయా, దాని మీదే ఏఐఎస్ ట్రాన్స్‌మిటర్. తన చోటు నుంచి జరిగితే అదే "నేను జరిగాను" అని చెబుతుంది, దీపం పోయినా చెబుతుంది. ఖర్చు ఎక్కువే. బ్యాటరీ, సోలార్ ప్యానెల్ రెండూ పెద్దవి కావాలి, ప్యానెల్ మీద పక్షుల రెట్టలు పేరుకుంటే చార్జింగ్ పడిపోతుంది. పక్షులు వాలకుండా పైన ముళ్ళు పెడతారు, అవి ఆ ముళ్ళ మధ్యే సర్దుకుని కూర్చుంటాయి, అది వేరే కథ.

ఇనుమా, ప్లాస్టిక్కా అని కూడా అడుగుతారు. ప్లాస్టిక్‌కి రంగు వేసే పని లేదు, లోపల ఫోమ్ నింపితే ఓడ తగిలినా మునగదు. ఇనుము బరువు, తుప్పు, కానీ సొట్ట పడితే వెల్డింగ్ చేసి మళ్ళీ వాడొచ్చు, మన ఊళ్ళో వెల్డర్లకి కొదవ లేదు. రాడార్‌కి జవాబిచ్చే రేకాన్ ఉంటే మంచిదే, కానీ అదీ రాడార్ ఉన్నవాడికే.

లైట్ హౌస్ సంగతి ఒక లెక్కతో తేలిపోతుంది. దీపం 100 మీటర్ల ఎత్తులో, చూసేవాడి కన్ను 4 మీటర్ల ఎత్తులో ఉంటే, భూమి వంపు అడ్డురాకుండా సుమారు 25 నాటికల్ మైళ్ళ దూరం నుంచి కనబడాలి, దీపంలో ఆ బలం ఉంటే. డాల్ఫిన్ నోస్ కొండ అంతకంటే ఎత్తు. ఇంత ఎత్తు ఊరికే దొరికినప్పుడు వదులుకుంటారా? ఇక బల్బు కంటే ఎల్‌ఈడీయే నయం, అందులో వాదన లేదు. వెనకటి పెద్ద లెన్సులు పాదరసం తొట్టెలో తేలుతూ తిరిగేవి, ఆ విషం పీడ వదిలినట్టే. కాకపోతే తిరిగే దీపం ఆకాశం మీద ఈడ్చే వెలుగు దూరం నుంచే తెలిసేది, ఎల్‌ఈడీ టక్కున వెలిగి ఆరిపోతుంది. బీచ్ రోడ్డు లైట్లలో అది కలిసిపోకుండా చూసుకోవాలి. 1927 నాటి లైట్ హౌస్ చట్టం పోయి 2021లో వచ్చిన కొత్త చట్టం పేరులోనే దీపస్తంభం మాట తీసేసి నావిగేషన్ సాధనాలు అన్నారు. పేరు మారినా పర్లేదు, దీపం మారకపోతే చాలు.

మొన్న బాబాయ్ కనబడితే బోటుకి చిన్న ఏఐఎస్ సెట్టు పెట్టిస్తానన్నాను, డబ్బులు తర్వాత ఇద్దువు అని కూడా అన్నాను. విన్నాడు, బీడీ ఆర్పాడు. "అది తర్వాత సూద్దాం గానీ, దారిలో ఆ పచ్చదీపం రెండ్రోజులై ఎలగట్లేదు. నీకు తెలిసినోళ్ళెవరికైనా సెప్పు బాబూ" అన్నాడు.