ఒక్కటే పడక, ఇద్దరు రోగులు: ఏ లెక్క మేలు?

ఐసీయూలో ఒకే పడక మిగిలితే ఎవరికివ్వాలి? కొవిడ్ రెండో అల ముంచెత్తిన 2021 మే నెల నుంచి నన్ను ఎందరో అడిగిన ప్రశ్న ఇది. ముందు వచ్చినవారికా, బతికే అవకాశం ఎక్కువున్నవారికా, చీటీలు వేసి తేల్చాలా?

వరుస పద్ధతి చూడటానికి ధర్మంగానే ఉంటుంది. అయితే వరుస దాకా చేరడం అందరికీ ఒకే పని కాదు. మా తమ్ముడికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు పట్టు తప్పే వైకల్యం. గుంటూరు బ్రాడీపేటలో మా వాటాకు ఎనిమిది మెట్లు. వాణ్ణి చేతుల మీద దించి, చక్రాల కుర్చీ మడిచి, దాన్ని ఎక్కించుకునే ఆటో దొరికేసరికి మా వెనక బయలుదేరినవారు పేరు రాయించేసుకుంటారు. వైద్యంలో దివ్యాంగులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2016 నాటి హక్కుల చట్టం 25వ సెక్షన్ చెబుతుంది. కౌంటరు దగ్గర ఆ మాటెత్తితే ‘ముందు చీటీ తీసుకోండి’ అన్నారు.

బతికే అవకాశం చూడటమే మేలంటాను, ఒక షరతు మీద. ఈ జబ్బు నుంచి ఈసారి గట్టెక్కుతారా అన్నంతవరకే చూడాలి. గట్టెక్కాక ఎలా బతుకుతారన్నది పడక ఎవరికో నిర్ణయించే చోట తేల్చే విషయం కాదు. ఈ రెండూ ఎంత తేలిగ్గా కలిసిపోతాయో బ్రిటన్‌లో చూశాం. 2020 మార్చిలో అక్కడ వైద్యులకు మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ, ఐసీయూ నిర్ణయాలకు రోగి బలహీనతను కొలిచే తొమ్మిది మెట్ల కొలమానాన్ని వాడమంది. మెట్టు పెరిగేకొద్దీ బలహీనత ఎక్కువని లెక్క; స్నానానికి, తిండికి పూర్తిగా ఇంకొకరి మీద ఆధారపడితే అందులో ఏడో మెట్టు. ఆ లెక్కన ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉన్న మా తమ్ముడూ పండు ముసలివారి పక్కనే. దివ్యాంగుల సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాక, సెరిబ్రల్ పాల్సీ వంటి స్థిరమైన వైకల్యం ఉన్నవారికి దాన్ని వాడవద్దని కొద్ది రోజుల్లోనే సవరించారు. పేదల వైద్యానికి ప్రభుత్వ డబ్బు ఏ చికిత్సకు ముందు ఇవ్వాలో అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం వేసిన వరుస పట్టికను, దివ్యాంగులకు అన్యాయమన్న ఇలాంటి అభ్యంతరంతోనే 1992లో అక్కడి కేంద్ర ప్రభుత్వం తిప్పి పంపింది.

చీటీలంటారా, ఇద్దరి అవకాశాలూ సమానమైతే వేయవచ్చు. వయసు, హోదా లెక్కల జోలికి నేను పోను.

మా తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లిన రాత్రి డ్యూటీ డాక్టరు నన్ను మొదట అడిగింది, ‘మీవాడు తన పనులు తాను చేసుకుంటాడా?’ అని. చేసుకోలేడన్నాను. కాగితం మీద ఏదో రాసుకున్నారు. వాడి వేలికి ఆక్సీమీటరు పెట్టింది ఆ తర్వాతే.