తిరుపతిలో పిల్లలకు స్కూలు బస్సా, ఆటోనా: ఏది మేలు?

జూన్‌లో బడులు తెరిచే ముందు ప్రైవేటు స్కూలు పిల్లల తల్లిదండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. చాలామంది డబ్బు దగ్గరే ఆగిపోతారు. బస్సుకు టర్ముల వారీగా పెద్ద మొత్తం కట్టాలి, ఆటోకు నెలనెలా ఇస్తాం. అందుకే ఆటో చవకనిపిస్తుంది. ఏడాది మొత్తాన్ని 220 పనిదినాలతో భాగించి చూడండి, అసలు తేడా అప్పుడు తెలుస్తుంది.

నా లెక్కలో డబ్బు కన్నా ముఖ్యం, బిడ్డ బండిలో ఎన్ని నిమిషాలు కూర్చుంటుందన్నది. అది దూరాన్ని బట్టే ఉండదు. ఒకే బస్సును రెండు ట్రిప్పులు తిప్పే స్కూళ్లున్నాయి. మొదటి ట్రిప్పు పిల్లలు ప్రార్థనకు చాలా ముందే వచ్చి కూర్చోవాలి. రెండో ట్రిప్పు వాళ్లు సాయంత్రం బస్సు తిరిగొచ్చేదాకా ఆకలితో కాచుకోవాలి. ఇక దించే వరస చూడండి. ఊరు చుట్టి వచ్చే రూటులో సాయంత్రం కూడా పొద్దుటి వరసలోనే దించితే, ముందు ఎక్కిన బిడ్డ ముందే దిగుతుంది. వెనక నుంచి దించుకుంటూ వస్తే అదే బిడ్డకు రెండుపూటలా సుదీర్ఘ ప్రయాణం. ఫీజు కట్టే ముందే ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జిని అడగాల్సినవి ఈ రెండే: ఎన్నో ట్రిప్పు? సాయంత్రం ఏ వరస?

ఆటో ఇంటి గుమ్మం దాకా వస్తుంది. తిరుచానూరులో పద్మావతి అమ్మవారి బ్రహ్మోత్సవాలప్పుడు దారులు మళ్లించినా సందుల్లోంచి ఎలాగో చేరుస్తుంది. కానీ మామూలు ఆటోకు పర్మిట్ ముగ్గురు ప్రయాణికులకే. అందులో పదిమందిని ఎక్కించి, బ్యాగులు బయట తగిలించి, ఇద్దరిని డ్రైవర్ పక్కన ఇరికిస్తారు. అప్పుడు హ్యాండిల్ పూర్తిగా తిరగదు. సడన్ బ్రేకు వేస్తే ముందుగా పడేది ఆ ఇద్దరే. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా చిక్కే. కుడివైపు కడ్డీ లేని ఆటో, డ్రైవర్ పక్కన పిల్లలను కూర్చోబెట్టే ఆటో ఎంత చవకైనా వద్దు. డ్రైవరుకు జ్వరమొస్తే బదులు ఎవరొస్తారో కూడా ముందే తేల్చుకోండి.

బస్సులో అసలు ప్రమాదం ప్రయాణంలో కన్నా దిగాక ఎక్కువ. బస్సు ముందు నుంచి రోడ్డు దాటే ఎల్‌కేజీ బిడ్డ డ్రైవరుకు కనిపించదు. చెయ్యి పట్టుకుని దాటించే ఆయా లేదా క్లీనర్ ఉంటేనే బస్సుకు ఒప్పుకోండి. మన రాష్ట్రంలో స్కూలు బస్సుల ఫిట్‌నెస్, అంటే బండి తిరగడానికి పనికొస్తుందని రవాణా శాఖ ఇచ్చే సర్టిఫికెట్, ఏటా మే 15తో ముగుస్తుంది. కాబట్టి జూన్ రెండో వారంలో బస్సు నంబరును బండ్ల వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో కొట్టి, కొత్త తేదీ పడిందో లేదో చూసుకోండి.

వ్యాన్లలో తెల్ల నంబరు ప్లేటుంటే అది అద్దెకు తిప్పకూడని బండి, వదిలేయండి. ఇల్లు కిలోమీటరు లోపైతే నడిపించుకు వెళ్లడమే నయం.

ఆయా ఉండి, ఒక పూట ప్రయాణం నలభై నిమిషాలు దాటకపోతే బస్సుకే నా ఓటు. దాటితే, ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు కలిసి ఆటో మాట్లాడుకోండి. వాళ్ల పిల్లలు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదని మొదటి రోజే చెప్పండి.