నాలుగు బస్తాలు పడితే గానీ మెత్తబడని కారు

మా అమ్మ ఈ కారు ఎక్కే ముందు ఒకటే అడుగుతుంది: "ఒరేయ్, వెనక బస్తాలున్నాయా?" ఉన్నాయంటే నిమ్మళంగా ఎక్కి కూర్చుంటుంది. లేవంటే, "అయితే నేను బస్సులో వస్తాలే" అంటుంది. పదకొండేళ్లుగా నడుపుతున్న స్టేషన్ వ్యాగన్ (వెనక డిక్కీ పొడుగ్గా ఉండే కారు) గురించి ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను.

మన దగ్గర ఈ రకం బళ్లు నిలవలేదు. మరీనా, ఆల్టూరా, ఆక్టేవియా కాంబీ, అన్నీ వచ్చి వెళ్లిపోయినవే. 2014లో సెకండ్ హ్యాండ్‌లో నేను కొన్నది ఏదో చెప్పను, చెప్పినా కొత్తది దొరకదు. ఇంజిను, ఏసీ, మైలేజీ సంగతులు వదిలేస్తున్నా. నా సంబరం, నా గోల రెండూ వెనక సీటు గురించే.

ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. నెలకోసారి తెనాలి పక్కన మా ఊరు వెళ్లి బియ్యం తెచ్చుకుంటాం. వెళ్లేటప్పుడు డిక్కీ ఖాళీ. రోడ్డుకి అతుకు వేసిన చోటల్లా కారు వెనక భాగం ఎగిరి పడుతుంది. అమ్మ గనక ఎక్కితే నారాకోడూరు వచ్చేసరికే నడుం పట్టుకుంటుంది. వచ్చేటప్పుడు పాతిక కిలోల బీపీటీ బస్తాలు నాలుగు, కొబ్బరికాయలు, ఒక అరటిగెల. అదే రోడ్డు, అవే గుంతలు. కారు మాత్రం తివాచీ మీద పోయినట్టు పోతుంది. ఒక వేసవిలో అమ్మ ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని వచ్చింది. మూతికి కట్టిన గుడ్డకి నూనె అంటలేదు. అంతకు ముందు ఏడాది అదే జాడీ ఖాళీ డిక్కీతో వచ్చినప్పుడు చీర పాడైంది.

ఇందులో మాయేమీ లేదు. అంత పొడుగు డిక్కీలో సామాను మోయాలి కాబట్టి వెనక స్ప్రింగులు గట్టివి వేస్తారు. బరువు పడితేనే అవి కుంగి గతుకుని మింగుతాయి. ఖాళీగా ఉంటే దెబ్బంతా సీటుకే.

ఇక గోల. రెండేళ్ల కింద బస్తాలు వేసినా కుదుపు తగ్గడం మానేసింది. ఊళ్లో చూపిస్తే షాకబ్జర్లు పోయాయన్నారు. వెనకవి రెండూ మార్పించాను. తేడా రాలేదు. తర్వాత కింద కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు అన్నారు, అవీ అయ్యాయి. నాలుగు నెలలు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా వెనక నుంచి అమ్మ "రామచంద్రా" అనడం, మా ఆవిడ అద్దంలోంచి నన్ను చూడడం. చివరికి పని మీద విజయవాడ వెళ్లి, ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రికి చూపించాను. ఆయన కారు కిందికి వంగి కూడా చూడలేదు. జేబులోంచి గాలి కొలిచే గేజీ తీసి టైరుకి పెట్టి, "44 ఉందండీ. మీరేమన్నా లారీ తోలుతున్నారా?" అన్నాడు. నేను ఎప్పుడూ గాలి కొట్టించే షాపులో గేజీ 33 చూపించేది. తప్పు ఆ ముల్లుది, గాలి ఎక్కువై టైర్లే గట్టిపడ్డాయి. డోరు పక్కన స్టిక్కర్ మీద ఖాళీ బండికి ఎంత, నిండు బండికి ఎంత అని విడివిడిగా రాసి ఉంటుందని కూడా ఆయనే చూపించాడు. తొమ్మిదేళ్లు ఆ డోరు తీసి వేసినవాణ్ణి, ఒక్కసారి చదవలేదు. గాలి తీయించి బయల్దేరాక కాజ టోల్ గేటు దగ్గర గానీ గుర్తు రాలేదు, ఆయనకి డబ్బులు ఇవ్వలేదని. మరుసటి వారం వెళ్లి ఇస్తే తీసుకోలేదు. ఇప్పుడు గేజీ నా డాష్‌బోర్డులోనే ఉంటుంది.

తివాచీ అన్నాను కదా, అది అరవై లోపు మాట. నిండు బరువుతో హైవే మీద ఎనభై దాటితే వంతెనల అతుకుల దగ్గర వెనక భాగం ఒకసారి కాదు, రెండు మూడుసార్లు ఊగుతుంది. మా చిన్నదానికి అక్కడే వాంతి వస్తుంది. పైగా బస్తాలతో మా వీధి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కింద గీసుకుంటుంది. అక్కడ మా ఆవిడా పిల్లలూ దిగి నడుస్తారు, అమ్మ దిగదు.

ఆఫీసుకి ఒక్కరే వెళ్లొచ్చేవాళ్లయితే ఈ రకం బండి జోలికి పోవద్దనే అంటాను. మాకు పొలం ఉంది, బియ్యం ఉన్నాయి, ఐదుగురం ఉన్నాం కాబట్టి సరిపోయింది. ఖాళీగా వెళ్లేటప్పుడు రెండు ఇసుక బస్తాలు వేద్దామన్నాను. "ఆ ఇసుక మోయడానికి డీజిల్ ఎవరు పోస్తారండీ" అంది మా ఆవిడ. మొన్న పెళ్లికి అమ్మ బస్సులోనే వెళ్లింది.