డీఎస్‌పీ ఎఫ్‌ఎం రేడియో: ఏళ్ల తరబడి విన్నాక

ముల్లు జరిగే పాత తరహా సెట్టు గురించి కాదు ఇది. ట్యూనరూ, స్టీరియో డీకోడరూ ఒకే చిప్పులో ఇమిడిపోయిన డీఎస్‌పీ రకం, అంటే సిగ్నల్‌ని అంకెలుగా మార్చి లెక్కలతో ధ్వని తీసేది. అరచేతి కంటే కాస్త పెద్దది. లాగితే పొడవయ్యే ఏరియల్, ఇయర్‌ఫోన్ సాకెట్, పక్కన బయటి ఏరియల్ పెట్టుకోవడానికి ఇంకో సాకెట్ ఉన్నాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతి సెట్లు చాలావాటిలో ఉండేది దాదాపు ఒకే కుటుంబం చిప్పు. పెట్టె మారుతుంది గానీ వినికిడి పెద్దగా మారదు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. దగ్గరి స్టేషన్లు వినడానికి ఇది చాలు, నిజానికి ఎక్కువే. చెవికి తగిలే లోపాల్లో చాలా భాగం దీనివి కావు, స్టేషన్లోనే పుట్టి గాల్లోకి వస్తున్నాయి.

ముందు రిసెప్షన్ సంగతి. తెర మీద రెండు అంకెలు కనిపిస్తాయి: సిగ్నల్ బలం ఒకటి, సిగ్నల్‌కీ రొదకీ మధ్య తేడా రెండోది. మొదటిదాన్ని నమ్ముకుంటే మోసపోతాం. సిగ్నల్ అంకె పైన ఉంటుంది, అయినా ‘స’, ‘శ’ పలికినప్పుడల్లా గొంతు చీలిపోతుంటుంది. నేరుగా వచ్చిన తరంగమూ, గోడకో భవనానికో తగిలి కాస్త ఆలస్యంగా వచ్చిన తరంగమూ కలిసి కొట్టుకోవడం వల్ల వచ్చే చీలిక అది. ఎఫ్‌ఎం తరంగం పొడవు సుమారు 3 మీటర్లు కాబట్టి రేడియోని మూరెడు జరిపినా లెక్క మారిపోతుంది. నా టేబుల్ మీద ఒక స్టేషన్ గోడ వైపు చివర గరగరలాడుతుంది. అదే స్టేషన్ ఇవతలి చివర శుభ్రంగా వస్తుంది. సిగ్నల్ అంకె రెండు చోట్లా దాదాపు ఒకటే, రెండో అంకె మాత్రం పడిపోయి మళ్లీ లేస్తుంది. అందుకే ఇప్పుడు మొదటి అంకె వంక చూడటమే మానేశాను.

ఏరియల్ పూర్తిగా లాగడం కూడా అన్నివేళలా మంచిది కాదు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం 75 సెంటీమీటర్లు. ఆ కొలతతో రెండు తీగ ముక్కలు కట్టి, సొంత డైపోల్ చేసి కిటికీ దగ్గర వేలాడదీశాను. దూరపు స్టేషన్లు బాగా తేలాయి. కానీ ఇంటికి దగ్గరి ట్రాన్స్‌మిటర్ మాత్రం తన చోటే కాక డయల్ మీద ఇంకో రెండు మూడు చోట్ల దెయ్యంలా వినిపించసాగింది. సిగ్నల్‌ని మొదట అందుకునే దశ ఆ బలాన్ని తట్టుకోలేకపోవడమే కారణం. డైపోల్ పీకేసి, సెట్టు సొంత ఏరియల్‌ని సగానికి కుదిస్తే అన్నీ మాయం.

స్టీరియో విషయంలో ఈ చిప్పులు తెలివిగానే ఉంటాయి, ఆ తెలివే కొన్నిసార్లు చికాకు. ఎఫ్‌ఎంలో ఎడమ-కుడి తేడా సమాచారం 38 కిలోహెర్ట్జ్ చుట్టూ ప్రయాణిస్తుంది, దాని జాడ తెలపడానికి 19 కిలోహెర్ట్జ్ దగ్గర పైలట్ టోన్ ఉంటుంది. ఎఫ్‌ఎం రొద ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది కాబట్టి స్టీరియోలో మోనో కంటే 20 డెసిబెల్స్ పైనే ఎక్కువ రొద వస్తుంది. సిగ్నల్ తగ్గగానే చిప్పు మెల్లగా మోనో వైపు జారుతుంది. ఆలోచన బాగుంది. కానీ సిగ్నల్ ఊగిసలాడే చోట ఇయర్‌ఫోన్లలో పాట కాసేపు విచ్చుకుని, కాసేపు నడినెత్తి మీదికి వచ్చి కూర్చుంటుంది. మాటల కార్యక్రమాలకి నేను మోనో పెట్టేసుకుంటాను. ఆ మీటని మెనూ లోపల ఎక్కడో దాచినవాళ్లని మాత్రం క్షమించలేను.

దాచిన సంగతుల్లో ఇంకొకటి, అందరూ వెతుక్కోవాల్సినది, డీ-ఎంఫసిస్. రొద తగ్గించడానికి స్టేషన్ హై స్వరాలని ఎత్తి పంపుతుంది, రేడియో వాటిని అంతే దించాలి. అమెరికాలో ఆ లెక్క 75 మైక్రోసెకండ్లు, యూరప్‌తో పాటు ప్రపంచంలో చాలా చోట్ల 50. ఈ సెట్టు వచ్చినప్పుడు 75లో ఉంది. 50 వాడే స్టేషన్లని అలా వింటే 15 కిలోహెర్ట్జ్ దగ్గర మూడు డెసిబెల్స్ పైగా తక్కువై, దుప్పటి కప్పినట్టు మందంగా వినిపిస్తాయి. మార్చాక వేణువులో ఊపిరి తెలిసింది.

ఇక అసలు గొడవ. సిగ్నల్ సమానంగా, నిండుగా వచ్చే రెండు స్టేషన్లు నాకున్నాయి. ఒకదాంట్లో రాత్రి మాటల కార్యక్రమం వస్తుంది. గొంతు అదే గదిలో ఉన్నంత సహజంగా ఉంటుంది, కాగితం తిప్పిన చప్పుడు కూడా తెలుస్తుంది. రెండోదాంట్లో పగలంతా పాటలు. బీటు పడ్డప్పుడల్లా పాడేవారి గొంతు అణిగి మళ్లీ పైకి ఉబుకుతుంది. పాట మొదట్లో మెల్లగా రావాల్సిన తీగ వాద్యం, చివర్లో హోరెత్తాల్సిన కోరస్, రెండూ ఒకే బరువు. సింబల్స్ (డ్రమ్ముల పక్కన మోగే ఇత్తడి పళ్లేలు) మోత ఇసుక రాలినట్టు. రేడియోని జరిపి చూశాను, ఏరియల్ కుదించాను, మోనో పెట్టాను. ఏమీ మారలేదు. నాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే: చోటు మార్చితే మారే చీలిక దారిలో పుట్టినది, ఎక్కడ పెట్టినా అలాగే ఉండేది స్టేషన్ నుంచి వచ్చినది.

కారణం ఆడియో ప్రాసెసర్, అంటే ధ్వనిని గాల్లోకి పంపేముందు స్టేషన్ దాన్ని సవరించే పెట్టె. ఏ స్టేషనూ 75 కిలోహెర్ట్జ్ డీవియేషన్ (ధ్వనికి తగ్గట్టు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర) దాటకూడదు. గరిష్ఠం అందరికీ ఒకటే అయినప్పుడు, పక్క స్టేషన్ కంటే గట్టిగా వినిపించాలంటే సగటుని పైకి నెట్టడమే మార్గం. ధ్వనిని నాలుగైదు బ్యాండ్లుగా విడగొట్టి ఒక్కోదాన్నీ కంప్రెసర్‌తో విడిగా అదిమి, చివర్లో గరిష్ఠాన్ని ఆపే లిమిటర్, ఆ తర్వాత మిగిలిన కొనల్ని కోసేసే క్లిప్పర్. ఆర్బన్ కంపెనీ 1975లో తెచ్చిన ఆప్టిమాడ్ 8000 కంప్రెసర్‌నీ, లిమిటర్‌నీ స్టీరియో జనరేటర్‌తో సహా ఒకే పెట్టెలో పెట్టింది. అప్పటి నుంచీ పందెమే. పైన చెప్పిన, హై స్వరాలని ఎత్తి పంపే పద్ధతి ఇక్కడే ఎదురు తిరుగుతుంది. 50 మైక్రోసెకండ్ల లెక్కలో 10 కిలోహెర్ట్జ్ స్వరం పది డెసిబెల్స్ ఎత్తు లేచి వస్తుంది, అందుకే ముందుగా తల తగిలేది ‘స’కీ సింబల్స్‌కీ. దానికి తోడు ఇప్పటి పాటలు స్టూడియోలోనే చదునై వస్తున్నాయి, స్టేషన్ వాటిని తక్కువ బిట్‌రేటు ఎంపీ3లో దాచిపెడితే కంప్రెసర్ ఆ గలీజుని కూడా భక్తిగా పైకి తీసి వినిపిస్తుంది.

ప్రాసెసింగే వద్దని నేననను. కారులోనో, మిక్సీ తిరుగుతున్న వంటింట్లోనో అదిమిన ధ్వనే వినబడుతుంది, మెల్లటి స్వరాలు రొదలో కలిసిపోతాయి. ఈ రేడియో చిన్న స్పీకర్లో ఆ రెండో స్టేషన్ నిజంగానే మెరుగ్గా మోగుతుంది కూడా. ఇయర్‌ఫోన్లు పెట్టి అరగంట దాటితే తల బరువెక్కుతుంది, అంతే. యూరప్‌లో కొన్ని దేశాలు ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) సిఫార్సు బీఎస్.412 ప్రకారం, ప్రసార సిగ్నల్ శక్తికి 60 సెకండ్ల సగటు మీద పరిమితి పెట్టాయి, అక్కడ అదమడం వల్ల దక్కే లాభం తక్కువ.

సెట్టు సొంత తప్పులు కొన్ని ఉన్నాయి. చక్రం తిప్పుతుంటే మెట్టు మెట్టుకీ ధ్వని ఆగుతుంది, చెవితో వెతుక్కునే సుఖం పోయింది. బలహీన స్టేషన్ మీద సాఫ్ట్ మ్యూట్ శబ్దాన్ని దించేస్తుంది, ఆపడానికి వీల్లేదు. ఛార్జర్ తగిలించి వింటే బ్యాండంతా జుమ్మంటుంది, బ్యాటరీ మీదే వినాలి. ఇంకొకటి కొనాల్సి వస్తే డీ-ఎంఫసిస్ మార్చే వీలు, పైనే మోనో మీట, బయటి ఏరియల్ సాకెట్ చూసుకుంటాను. స్పీకర్ ఎంత పెద్దదో అడగను.