కుడి హ్యాండిల్‌కు అద్దం: నాలుగేళ్ల వాడకం తర్వాత

సైకిల్ హ్యాండిల్ చివర బిగించుకునే చిన్న గుండ్రటి అద్దం గురించి రాస్తున్నాను. బెంగళూరులో మారతహళ్లి దగ్గర మున్నేకొళాలలో మా ఇల్లు. హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లో ఆఫీసు. ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డు పట్టుకుని కాడుబీసనహళ్లి, దేవరబీసనహళ్లి, బెళ్లందూరు, ఇబ్బలూరు, అగర దాటి పోవాలి. పోనూ రానూ కలిపి ఇరవై నాలుగు కిలోమీటర్లు, వారానికి నాలుగు రోజులు. 2021 జులైలో మొదలుపెట్టాను. అద్దం కొన్నది నవంబరులో. అంటే నాలుగు నెలలు అద్దం లేకుండా తొక్కాను, ఆ తర్వాత నాలుగేళ్లు దాటింది అద్దంతో. రెండింటికీ తేడా ఏమిటో ఒంటికి తెలుసు.

కొనడానికి కారణం ఒక టెంపో ట్రావెలర్. ముసురు పట్టిన సాయంత్రం, దేవరబీసనహళ్లి దగ్గర రోడ్డు ఎడమ అంచున పోతున్నాను. వెనక ఏదో వస్తోందని చప్పుడును బట్టి తెలిసింది. ఎంత పెద్దదో, ఎంత దగ్గరో తెలియదు. దాని సైడు అద్దం నా కుడి మోచేతిని రాసుకుంటూ పోయింది. పడలేదు. హ్యాండిల్ వణికింది, అంతే. ఫుట్‌పాత్ మీద సైకిల్ ఆపి చూసుకుంటే రెయిన్‌కోటు చేతి మీద నల్లటి చార ఉంది. ఇంకో అరచెయ్యి దూరం లోపలికి వచ్చి ఉంటే భుజం పోయేది. ఆ డ్రైవరుకు తగిలిన సంగతి కూడా తెలిసి ఉండదు. పది నిమిషాలు అక్కడే నిలబడి, మిగతా దారి నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే సైకిల్ మాన్పిస్తారని భయం.

ఆ ఆదివారం మారతహళ్లిలో సైకిల్ షాపుకు వెళ్లాను. అద్దం కావాలంటే, "కుడి వైపు పెట్టుకో అక్కా, ఎడమ వైపు ఏముంటుంది, ఫుట్‌పాతే గదా" అని ఆయనే గ్రిప్పు చివర కత్తిరించి బిగించి ఇచ్చాడు. మూడు వందల యాభై రూపాయలు. బ్రాండు పేరేమీ లేదు.

మొదటి వారంలోనే ఒక సంగతి అర్థమైంది. నేను మామూలుగా గంటకు పద్దెనిమిది కిలోమీటర్ల వేగంతో పోతాను, అంటే సెకనుకు ఐదు మీటర్లు. వెనక వచ్చే బస్సు నలభైలో ఉంటే సెకనుకు పదకొండు మీటర్లు. అంటే అది ప్రతి సెకనుకూ ఆరు మీటర్లు నాకు దగ్గరవుతోంది. చెవిని నమ్ముకుంటే, ఆ రోడ్డు మోతలో, పది పన్నెండు మీటర్ల దాకా వచ్చేవరకూ నాకు తెలిసేది కాదు. తెలిసేసరికి రెండు సెకన్లు మిగిలేవి. ఇప్పుడు కరెంటు బస్సులు, కరెంటు ఆటోలు వచ్చాక ఆ చప్పుడు కూడా లేదు. అద్దంలో ముప్పై నలభై మీటర్ల దూరంలోనే కనబడుతుంది. ఐదారు సెకన్లు. అంత సమయం ఉంటే ముందున్న గుంత ఎడమ నుంచి పోవాలా, ఆగి బస్సును పోనివ్వాలా అని తీర్మానించుకోవచ్చు. ఇంతకు ముందు నా బదులు భయం తీర్మానించేది.

దీనివల్ల నేను తొక్కే చోటు కూడా మారింది. కొత్తలో రోడ్డు అంచుకు అంటుకుని పోయేదాన్ని. అక్కడ ఇసుక, విరిగిన డ్రైనేజీ పలకలు, నీళ్లు నిలిచిన గుంతలు ఉంటాయి. అది చాలదని, అంచుకు పోయినకొద్దీ వెనకవాళ్లకు "ఇదే లైనులో దూరిపోవచ్చు" అనిపిస్తుంది. స్టీరింగు తిప్పకుండానే రాసుకుంటూ పోతారు. ఇప్పుడు అంచు నుంచి దాదాపు మీటరు దూరంలో పోతాను. వెనక వచ్చే కారు నన్ను దాటాలంటే కాస్త కుడికి జరగక తప్పదు. అది జరుగుతోందా లేదా అని అద్దంలో చూస్తాను. జరగకపోతే నా ఎడమ వైపు ఆ మీటరు ఉంది, అందులోకి తప్పుకుంటాను. అద్దం లేకుండా ఇలా మధ్యకు వచ్చి తొక్కే ధైర్యం నాకు వచ్చేది కాదు.

అసలు ఎంత ఎడం ఇవ్వాలి? బ్రిటన్‌లో 2022లో మార్చిన రోడ్డు నియమావళి, గంటకు ముప్పై మైళ్ల లోపు వేగంలో సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటరు వదలమంటుంది. జర్మనీలో ఊళ్లలో ఒకటిన్నర మీటరు, ఊరి బయట రెండు మీటర్లు అని 2020లో చట్టంలోనే రాశారు. ఒకటిన్నర మీటరు అంటే నా సైకిల్ పొడవు కంటే కాస్త తక్కువ. సైకిల్‌ను రోడ్డుకు అడ్డంగా నిలబెట్టి చూసుకుంటే ఆ ఎడం ఎంతో తెలుస్తుంది. మా సర్వీసు రోడ్డులో కుడివైపు అంత ఖాళీ వదిలి దాటిన వాహనాలను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. వాళ్లలో లారీ డ్రైవర్లే ఎక్కువ అని చెప్పాలి. రాసుకుపోయేవాళ్లు ఎక్కువగా ఆఫీసు క్యాబులు, టెంపో ట్రావెలర్లు. వాళ్ల మీద లాగిన్ టైము ఒత్తిడి ఉంటుందని నాకు తెలుసు. తెలిసినా మోచెయ్యి నాది.

ఇక ఈ అద్దం నాకు చేసిన చెడు చెప్తాను. అద్దం కొన్నవాళ్లు దీని గురించి ఎక్కడా చెప్పగా నేను వినలేదు.

అలవాటైన ఆరు నెలలకు నేను మెడ తిప్పి వెనక్కి చూడడం మానేశాను. అద్దంలో కనబడుతుంటే తిరగడం ఎందుకు అనుకున్నాను. 2022లో ఐటీ ఆఫీసులు తెరిచి రోడ్లు మళ్లీ నిండిపోయిన రోజులు. బెళ్లందూరు దగ్గర ఎడమన ఒక వాటర్ ట్యాంకరు ఆగి ఉంది. దాన్ని తప్పించడానికి కుడికి రావాలి. అద్దంలో చూస్తే వెనక ఒక ఆటో, చాలా దూరంలో చిన్నగా కనబడింది. కుడికి జరిగాను. బ్రేకు కీచుమన్న శబ్దం, నా వెనక చక్రానికి అడుగు దూరంలో ఆటో ముందు చక్రం. వెంట్రుకవాసిలో తప్పింది. "అమ్మా" అని అరిచాను. ఆయన కోలారు వైపు మనిషి కాబోలు, నా అరుపు విని తెలుగులోనే అన్నాడు: "ఏమ్మా, తిరిగి చూడాల గదా. నువ్వు తిరగలేదు, నేరుగా పోతావనుకుంటి."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మొదటి తప్పు అద్దానిది. ఇది ఉబ్బెత్తు అద్దం. వెడల్పుగా చూపిస్తుంది, కానీ వస్తువులను చిన్నవిగా చూపిస్తుంది కాబట్టి ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు అనిపిస్తాయి. ఆటో నేననుకున్న దూరంలో సగంలోనే ఉంది. రెండోది నా తప్పు. సైకిల్‌కు ఇండికేటరు లేదు, బ్రేకు లైటు లేదు. నా తలే నా ఇండికేటరు. నేను మెడ తిప్పినప్పుడు వెనకున్న మనిషికి రెండు కబుర్లు అందుతాయి: ఈమె జరగబోతోంది, ఈమె నన్ను చూసింది. అద్దంలో నేను ఆయన్ను చూసిన సంగతి ఆయనకు ఎలా తెలుస్తుంది? అప్పటి నుంచి ఒక క్రమం పెట్టుకున్నాను. ముందు అద్దం చూస్తాను, ఖాళీ ఉందనిపిస్తే మెడ తిప్పి డ్రైవరు ముఖం వైపు చూస్తాను, తర్వాత కుడి చెయ్యి చాపుతాను, ఆ తర్వాతే జరుగుతాను. అలా చూసిన ప్రతిసారీ కాకపోయినా, చాలాసార్లు వెనకవాళ్లు వేగం తగ్గిస్తున్నారు. వీపు చూసినప్పుడు తగ్గించని మనిషి ముఖం చూసినప్పుడు తగ్గిస్తాడు. ఇది నేను వందల సార్లు చూశాను.

అద్దం దేనికి పనికిరాదో కూడా తెలియాలి. నాలుగేళ్లలో నాకు ప్రాణం మీదకు వచ్చిన సందర్భాల్లో సగం ముందు నుంచి వచ్చినవే.

ఒకటి కారు తలుపు. హెచ్‌ఎస్‌ఆర్‌లో హోటళ్ల ముందు ఎడమన వరసగా ఆపిన కార్ల పక్క నుంచి పోతుంటే, డ్రైవరు సీటు తలుపు ఠక్కున తెరుచుకుంది. బ్రేకు పట్టాను, చక్రం జారింది, మోకాలు చెక్కుకుపోయింది. కుడివైపు తప్పుకుని ఉంటే వెనక బైకు కింద పడేదాన్ని. బ్రిటన్ నియమావళిలో దీనికి మంచి ఉపాయం రాశారు: తలుపును దగ్గరి చేత్తో కాకుండా దూరపు చేత్తో తెరవాలి. మన డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమ చెయ్యి వాడాలి. అలా వాడితే ఒళ్లు దానంతట అదే తిరుగుతుంది, వెనక వచ్చేవాళ్లు కనబడతారు. కారున్న మా తమ్ముడికి చెప్పాను. వాడు పాటిస్తున్నాడు, వాడి పిల్లలు కూడా పాటిస్తున్నారు. నేను మాత్రం ఇప్పుడు ఆపిన కార్లకు తలుపంత ఎడంగా పోతాను.

రెండోది, దాటీ దాటగానే ఎడమకు కోసేవాళ్లు. నన్ను దాటడం అద్దంలో కనబడుతుంది, అంతవరకూ బాగానే ఉంటుంది. దాటిన మరుక్షణం ఆఫీసు గేటులోకి తిరుగుతారు, నేను వాళ్ల తలుపుకు గుద్దుకోవాలి. పక్కన గేటో సందో ఉన్నచోట, దాటిన కారు ముందు చక్రం మీద కన్ను పెట్టడం నేర్చుకున్నాను. ఇండికేటరు వేసినా వెయ్యకపోయినా చక్రం ముందే చెబుతుంది. బస్సులు, లారీల దగ్గర ఇంకా జాగ్రత్త. మలుపులో ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఇబ్బలూరు సిగ్నల్ దగ్గర ఎంత ఖాళీ కనబడినా బస్సుకు ఎడమన దూరను. బస్సు అద్దంలో డ్రైవరు ముఖం నాకు కనబడకపోతే నేనూ ఆయనకు కనబడనట్టే.

మూడోది రాంగ్ సైడు. సర్వీసు రోడ్డులో ఎదురుగా వచ్చే డెలివరీ బైకులు. వాళ్లను తప్పించాలంటే నేను కుడికి, అంటే ట్రాఫిక్‌లోకి జరగాలి. ఇక్కడ మాత్రం అద్దం మళ్లీ పనికొస్తుంది. కుడికి పోవచ్చా, నిలబడిపోవాలా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. చాలాసార్లు నిలబడిపోవడమే మేలు.

మన్నిక సంగతి. మొదటి అద్దం ఐదు నెలలు వచ్చింది. మన హంపులకు, గుంతలకు ప్లాస్టిక్ కీలు వదులై అద్దం ఆకాశం వైపు తిరిగిపోయేది. రెండోది ఆరు వందల యాభై పెట్టి గట్టిది కొన్నాను. జామ్‌లో ఆటోల మధ్య సందులోంచి నేను పోతుంటే అది తగిలి పగిలింది. అద్దం గ్రిప్పు దాటి బయటికి ఉంటుంది కాబట్టి సైకిల్ వెడల్పు పెరుగుతుంది, ఆ లెక్క మర్చిపోకూడదు. మూడోది అదే రకం, 2023 నుంచి ఉంది. పదిహేను రోజులకోసారి అలెన్ కీతో బిగిస్తాను. వానలో చుక్కలు పట్టి మసకబారుతుంది, బొటనవేలితో తుడుచుకోవాలి. రాత్రి వెనక హైబీమ్ పడితే కళ్లు జిగేలుమంటాయి, అప్పుడు దానివల్ల ఉపయోగం సున్నా. హెల్మెట్‌కు తగిలించుకునే రకం కూడా రెండు వారాలు వాడాను, తల తిరిగినట్టు ఉండి తీసేశాను. వెనక ఎర్ర లైటు మాత్రం పగలు కూడా వేసే ఉంచుతాను. అద్దం, లైటు రెండింటిలో ఒకటే కొనగలిగితే లైటే కొనండి.

2020లో ఔటర్ రింగ్ రోడ్డు మీద కొంత మేర ప్లాస్టిక్ స్తంభాలు పాతి సైకిళ్లకు ప్రత్యేక దారి వేశారు. నేను మొదలుపెట్టిన రోజుల్లో అక్కడక్కడా మిగిలిన ఆ స్తంభాల లోపల పోయినప్పుడు భుజాలు వదులయ్యేవి. మెట్రో బ్లూ లైను పనులు సాగేకొద్దీ అది లేకుండా పోయింది. అలాంటి దారి ఉంటే ఈ అద్దానికి నేను మూడు సార్లు డబ్బు పెట్టి ఉండేదాన్ని కాదు. మెట్రో పని పూర్తయి రోడ్డు మళ్లీ వేసేటప్పుడు ఆ దారి తిరిగి రావాలని నా గట్టి కోరిక.

మా అబ్బాయికి పదేళ్లు. వాడి సైకిల్‌కు కూడా అద్దం కావాలని అడుగుతున్నాడు. ఇంకా కొనలేదు. అపార్టుమెంటు వెనక సిమెంటు నేల మీద సుద్దతో గీత గీశాను. దాని మీద తొక్కుతూ వాడు వెనక్కి తిరిగి, నేను ఎన్ని వేళ్లు చూపిస్తున్నానో చెప్పాలి, సైకిల్ గీత దాటకూడదు. మొదట్లో తల తిప్పగానే హ్యాండిల్ కూడా తిరిగిపోయేది. పోయిన ఆదివారం ఐదింటిలో మూడు సార్లు సరిగ్గా చెప్పాడు. ఐదుకు ఐదు వచ్చిన రోజు షాపుకు తీసుకెళ్తానని చెప్పాను.